పేరొక చోట, చావొక చోట

అచ్చులో వచ్చిన నా మొదటి రచన కథా కాదు, కవితా కాదు. మా అమ్మమ్మ దినాల కార్డు. 2012లో ఆమె పోయినప్పుడు నేను ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. 'తెలుగు చదివే పిల్ల, తప్పుల్లేకుండా రాస్తది' అని మామయ్యలు ఆ పని నాకు అప్పగించారు. రాత్రంతా కూర్చుని రాసిన కాగితం పట్టుకుని సిద్దిపేటలో ప్రింటింగ్ ప్రెస్సుకు పోతే, ప్రెస్సాయన దాని వైపు చూడను కూడా చూడలేదు. "పేర్లు, తారీఖులు చెప్పు బిడ్డా, మిగతాదంతా మా దగ్గర ఉంటది" అన్నాడు. నిజంగానే ఉంది. 'కీ.శే. ... గారి ధర్మపత్ని' అన్న చోట ఒక ఖాళీ, 'మా మాతృమూర్తి' అన్న చోట ఒక ఖాళీ, తిథికీ వారానికీ ఖాళీలు. కింద 'దుఃఖతప్త హృదయాలతో' కొడుకులు, కోడళ్లు, మనుమలు. అందరికంటే చివర, చోటు మిగిలితే, కూతుళ్లు, అల్లుళ్లు.

అమ్మమ్మ ఎవరి భార్యో, ఎవరి తల్లో చెప్పడానికి ఖాళీలున్నాయి. ఎవరి కూతురో చెప్పడానికి లేదు. నాకెందుకో పట్టుదల వచ్చింది. అక్కడి నుంచే అమ్మకు ఫోన్ చేసి "అమ్మమ్మ వాళ్లమ్మ పేరేంది?" అని అడిగాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత పేరు చెప్పింది. "ఎప్పుడు పోయింది?" అంటే "అమ్మమ్మ చిన్నగున్నప్పుడే. బాయిల పడ్డది" అని ఫోన్ పెట్టేసింది. కార్డులో ఆ పేరుకు చోటు దొరకలేదు. నలభై ఏళ్లు బీడీలు చేసి పిల్లల్ని సాకిన అమ్మమ్మ బతుకుకూ దొరకలేదు. బీడీలు చుట్టని ఇల్లు అరుదైన ప్రాంతం మాది. అయినా దినాల కార్డు మీద 'బీడీ కార్మికురాలు' అన్న మాట నేనింతవరకు చదవలేదు.

ఆ తాతమ్మ కోసం గట్టిగా వెతకడం మొదలుపెట్టింది నా పిహెచ్.డి. అయిపోయాకే. ఆ వెతుకులాటలో నా చేతికి వచ్చిన కాగితాలను, రాని కాగితాలను కూడా సాహిత్య విద్యార్థిగా చదివే ప్రయత్నమే ఈ వ్యాసం. శ్రద్ధాంజలి ప్రకటన, మరణాల రిజిస్టరు, పహాణీ, పోలీసు వార్త... వీటన్నిటినీ మనం సమాచారంగానే చూస్తాం. కానీ ఇవీ రచనలే. వీటికీ రచయితలున్నారు, ప్రక్రియా నియమాలున్నాయి, ఎవరిని ఎట్లా చూపించాలో ముందే తేల్చుకున్న దృక్పథం ఉంది.

వంశవృక్షాలు వేసుకోవడం ఇప్పుడు చదువుకున్న కుటుంబాల్లో ఒక ముచ్చట అయింది. మగవాళ్ల వైపు ఆ పని కొంత తేలిక. ఇంటిపేరు ఒక తాడు. దాన్ని పట్టుకుని నాలుగు తరాలు వెనక్కి నడవొచ్చు. నేను వెతుకుతున్న దారి వేరు. నేను, మా అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ. నలుగురు ఆడవాళ్లం, నాలుగు ఇంటిపేర్లు. ప్రతి తరానికీ తాడు తెగి ఉంటుంది. రిజిస్టర్లో లచ్చవ్వ లక్ష్మి అవుతుంది, రాజవ్వ రాజమణి అవుతుంది. పెళ్లయినాక అత్తగారింట్లో పేరే మార్చేస్తే ఇక వెతకడానికి మిగిలేది భర్త పేరే. అంటే ఒక స్త్రీని కనుక్కోవాలంటే ముందు ఆమె మొగుణ్ని కనుక్కోవాలి.

మొదట మరణ ప్రకటనలనే తీసుకుందాం. మన పత్రికల్లో చిన్న ఊళ్ల చావులకు చోటు దొరికింది జిల్లా పేజీలు వచ్చాకే. 1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టిన తర్వాత మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. అంతకు ముందు అచ్చులో చావు అంటే ప్రముఖుల చావే. 1926లో సురవరం ప్రతాపరెడ్డి మొదలుపెట్టిన గోలకొండ పత్రిక తెలంగాణ ఊళ్ల గోడును ఎంత పట్టించుకున్నా, ఒక మామూలు రైతు భార్య చనిపోతే అది వార్త కాదు. జిల్లా పేజీలొచ్చాక డబ్బు కట్టగలిగిన వాళ్లకు ఒక గళ్ల పెట్టె దొరికింది. ఆ తర్వాత ఫ్లెక్సీలు వచ్చి చౌరస్తాల్లో నిలబడ్డాయి.

ఈ ప్రకటనలను కొన్నేళ్లుగా కత్తిరించి దాచుకుంటున్నాను. పక్కపక్కన పెట్టి చదివితే ఒక వ్యాకరణం కనపడుతుంది. మగవాళ్ల పేరు పక్కన నామవాచకాలుంటాయి: రిటైర్డ్ ఉపాధ్యాయులు, మాజీ సర్పంచ్, వ్యాపారవేత్త. ఆడవాళ్ల పేరు పక్కన విశేషణాలుంటాయి: ప్రేమమూర్తి, త్యాగమయి, అమృతమయి. ఆయన ఒక పని చేశాడు, ఆమె ఒక గుణంగా ఉంది. ఆయనకు చరిత్ర ఉంది, ఆమెకు స్వభావం ఉంది. భర్త కంటే ముందు పోతే 'పుణ్యస్త్రీ', 'ముత్తైదువగా' అన్న మాటలు చేరతాయి. అంటే చావు కూడా భర్త చావుతో పోల్చి చూస్తేనే అర్థమవుతుంది! భార్య కంటే ముందు పోయిన మగవాణ్ని అట్లా మెచ్చుకునే మాట మన భాషలో ఉందా?

ఈ సమస్య మనదొక్కటే కాదు. 1851 నుంచి తాను వేసిన సంస్మరణ వ్యాసాల్లో అత్యధికం తెల్లజాతి మగవాళ్లవేనని న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒప్పుకుని, 2018 మార్చి 8న 'ఓవర్‌లుక్డ్' అనే శీర్షిక మొదలుపెట్టింది. అప్పట్లో పట్టించుకోని స్త్రీలకు ఇప్పుడు సంస్మరణలు రాయడం దాని ఉద్దేశం. షార్లెట్ బ్రాంటీ, ఐడా బి. వెల్స్, మన మధుబాల అందులో మొదట వచ్చారు. మంచి పనే. కానీ అది ప్రసిద్ధులైన స్త్రీలకు జరిగిన అన్యాయాన్ని దిద్దుతుంది. ప్రసిద్ధి అనే కొలతను మాత్రం అట్లాగే ఉంచుతుంది. మా తాతమ్మ ఆ శీర్షికలోకీ రాదు. నీళ్లు తోడింది, నాట్లు వేసింది, ఒక ఆడపిల్లను కన్నది, బావిలో పడ్డది. అంతే.

అచ్చులో లేకపోతే ప్రభుత్వ కాగితాల్లో ఉంటుందేమోనని అటు తిరిగాను. దేశమంతటా చావుపుట్టుకల నమోదు తప్పనిసరి అయింది 1969 చట్టంతోనే. తాతమ్మ పోయింది పోలీసు యాక్షన్ అయిన రెండేళ్లకు, అంటే 1950 ప్రాంతంలో. సిద్దిపేట అప్పటికి మెదక్ జిల్లా, హైదరాబాద్ రాష్ట్రం. 2016 అక్టోబర్‌లో జిల్లా అయ్యాక ఆఫీసులన్నీ దగ్గరికి వచ్చాయి, కానీ పాత కాగితం కోసం పాత దారినే పోవాలి. నిజాం కాలంలో ఊళ్లో చావుపుట్టుకల లెక్క పోలీసు పటేల్ పని. పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు వాళ్ల ఇళ్లలోని బస్తాల్లో ఏముండేవో, ఎన్ని చెదలు తిన్నాయో ఊరూరికీ ఒక కథ. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలపు దస్తావేజులు ఉర్దూలో, ఫార్సీలో ఉన్నాయి. తేదీలు ఫసలీలో ఉంటాయి. 590 కలుపుకుంటే మన లెక్కలోకి వస్తాయి. నాకు ఉర్దూ రాదు. ఉర్దూ సాహిత్యంలో పరిశోధన చేసిన స్నేహితురాలు పక్కన కూర్చుని చదివి పెట్టింది. మేం చూసిన కట్టల్లో తాతమ్మ లేదు. కానీ రెండు మాటలు మళ్లీ మళ్లీ కనపడ్డాయి: 'వల్ద్', 'జౌజె'. వల్ద్ అంటే ఫలానా వాని కొడుకు. జౌజె అంటే ఫలానా వాని భార్య. మన రిజిస్ట్రీ కాగితాల్లోకి, పాత పహాణీల్లోకి తెలుగు లిపిలో నడిచొచ్చిన మాటలే ఇవి.

ఇంకో మాట 'ఫౌతి'. తెలంగాణలో రైతుకుటుంబంలో పుట్టిన వాళ్లెవరికీ దీన్ని వివరించనక్కర్లేదు. ఉర్దూలో చావు అనే అర్థం. మన ఊళ్లలో దాని అర్థం మాత్రం చనిపోయిన వాని భూమి వారసుల పేరు మీదికి మారడం. "ఫౌతి అయిందా?" అని అడిగితే "పోయిండా?" అని కాదు, "పట్టా మారిందా?" అని. ఈ ఒక్క మాటలో మన మరణ రికార్డుల తత్వమంతా ఉందనిపిస్తుంది నాకు. చావును రాసిపెట్టుకున్నది మనిషి పోయినందుకు కాదు, ఆస్తి కదిలినందుకు. ఏ ఆస్తీ లేనిదాని చావు దేన్నీ కదిలించదు. కాబట్టి దాన్ని రాయాల్సిన పని ఎవరికీ లేదు. ఇవాళ్టికీ ఊళ్లో మరణ ధృవీకరణ పత్రం కోసం పంచాయతీకి పరుగెత్తేది విరాసత్‌కో, రైతుబీమాకో, బ్యాంకు ఖాతాకో. పట్టా పాసుపుస్తకం లేని కూలి ఆడమనిషి పోతే ఆ పరుగు ఎవరు పెడతారు?

తాతమ్మ దొరకలేదు గానీ ఆమె భర్త దొరికాడు. 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారుగా ముత్తాత పేరు స్పష్టంగా ఉంది. ఆయన డెబ్బైల చివర్లో పోయాడు. అప్పటి విరాసత్ కాగితాలకు జత చేసిన వంశవృక్షం నకలు నాకు చూపించారు. అందులో ఆయన, ఆయన భార్య, ముగ్గురు కొడుకులు. ఆ భార్య మా తాతమ్మ కాదు. తాతమ్మ పోయిన ఏడాదిలోపే చేసుకున్న రెండో ఆమె. తాతమ్మ లేకపోవడం ఒక సంగతి, బతికున్న మా అమ్మమ్మ కూడా అందులో లేదు! 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి ఆస్తికి కూతురూ వారసురాలే. కానీ వృక్షానికి ఆ కొమ్మే లేకపోతే చట్టం దేన్ని పట్టుకుంటుంది? తల్లి చావును ఎక్కడా రాయకపోవడం వల్ల ఆమె ఒకప్పుడు ఉన్నట్టే రుజువు లేకుండా పోయింది. ఆ రుజువు లేకపోవడంతో కూతురూ మాయమైంది. మరణ రికార్డు లేకపోవడం అంటే ఏదో భావోద్వేగపు లోటు కాదని, దానికి ఎకరాల్లో, గుంటల్లో లెక్క ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

సరే, అది పాతకాలం. ఇప్పుడు నమోదు తప్పనిసరి కదా, ఇప్పటి ఆడవాళ్లైనా పూర్తిగా కనపడతారా? ఈ ప్రశ్నతో 1969 చట్టాన్ని, దాని ఫారాలను ఒక సాహిత్య పాఠంలా చదివాను. ఇంట్లో జరిగిన చావును ఎవరు చెప్పాలో 8వ సెక్షన్ అంటుంది. 1969లో రాసినప్పుడు ఆ వరుస ఇట్లా ఉంది: ఇంటిపెద్ద. ఆయన లేకుంటే ఇంట్లో ఉన్న ఆయన దగ్గరి బంధువు. వాళ్లూ లేకుంటే ఇంట్లో ఉన్న మగవాళ్లలో అందరికంటే పెద్దవాడు. చావును కళ్లారా చూసింది, ఒళ్లు తుడిచింది, నోట్లో తులసి నీళ్లు పోసింది ఎవరైనా కావచ్చు. కథ చెప్పే అధికారం మాత్రం ఈ వరుసలో వస్తుంది.

ఇంకా ముఖ్యమైనది 17వ సెక్షన్. రిజిస్టర్లో ఏ చావునైనా ఎవరైనా వెతికించుకోవచ్చు, నకలు తీసుకోవచ్చు. కానీ ఆ నకలులో చావుకు కారణం ఏమిటన్నది ఎవరికీ చూపకూడదు. చనిపోయిన వాళ్ల గోప్యత కోసమే అనుకుందాం. రోగాలకు కళంకం అంటగట్టే సమాజంలో ఆ జాగ్రత్త అవసరమే. ఇక ఏళ్లుగా వాడుకలో ఉన్న ఫారం 2 చూడండి. అందులో రెండు భాగాలు. మొదటిది చట్టపరమైన సమాచారం: పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు, చిరునామా. రెండోది గణాంక సమాచారం: వృత్తి, వైద్యం అందిందా లేదా, చావుకు కారణం. ఈ రెండో భాగంలోనే ఆడవాళ్లకు మాత్రమే వేసిన ఒక ప్రశ్న ఉంది. గర్భంతో ఉండగా గానీ, కాన్పు సమయంలో గానీ, ఆ తర్వాత ఆరు వారాల లోపు గానీ చనిపోయిందా? కాగితం రోజుల్లో ఈ రెండో భాగాన్ని విడదీసి లెక్కల కోసం పైకి పంపేవాళ్లు. మొదటి భాగం ఊళ్లోని రిజిస్టర్లో ఉండిపోయేది.

ఆ విడదీసిన గీత దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ గీతకు ఒకవైపు పేరు, ఇంకోవైపు చావు. పేరున్న కాగితం ఆమె ఎట్లా పోయిందో చెప్పదు. ఎట్లా పోయిందో చెప్పే కాగితానికి ఆమె పేరుతో పని లేదు. అక్కడ ఆమె మాతృమరణాల లెక్కలో ఒక అంకె. 2023లో చట్టాన్ని సవరించారు. ఆ అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం ఆస్పత్రులు మరణ కారణ పత్రం రిజిస్ట్రార్‌కు పంపి, ఒక నకలు దగ్గరి బంధువుకు ఇవ్వాలి. పెళ్లయిన స్త్రీకి దగ్గరి బంధువు అంటే మన ఆస్పత్రుల్లో సాధారణంగా భర్తే. మెట్టినింట్లో పోయిన కూతురి కాగితం తల్లి చేతికి వస్తుందా అన్నది నా ప్రశ్న.

ఆ కారణం రాసేటప్పుడు నిజం ఎంత రాస్తారన్నది ఇంకో సంగతి. బ్రిటిష్ ఇండియాలో ఊరి తలారులు చెప్పి రాయించిన చావుల్లో ఎక్కువ భాగం 'జ్వరం' ఖాతాలోకి పోయేవని జనాభా చరిత్రకారులు ఎప్పుడో చెప్పారు. మన జిల్లా పేజీల్లో ఆ జ్వరానికి సమానమైన మాట 'కడుపునొప్పి'. 'కడుపునొప్పి భరించలేక వివాహిత ఆత్మహత్య' అన్న శీర్షిక చదవని వాళ్లు మనలో ఉన్నారా? 'వివాహిత', 'గృహిణి', 'మహిళ'. శీర్షికలో పేరుండదు, చావు ఉంటుంది. అదీ ఎవరో చెప్పిన చావు. కట్నం చావులు కిరోసిన్ స్టవ్ ప్రమాదాలుగా, కడుపునొప్పులుగా నమోదవుతున్న రోజుల్లో స్త్రీసంఘాలు ఇంటింటికీ తిరిగి, పక్కింటి వాళ్లను అడిగి, ఆ ఒక్క మాటను ప్రశ్నించడంతోనే పని మొదలుపెట్టాయి. పెళ్లయిన ఏడేళ్ల లోపు అనుమానాస్పదంగా పోయిన స్త్రీకి శవపరీక్ష చేయించాలన్న నియమం 1983లోనూ, వరకట్న మరణం అనే ప్రత్యేక నేరం 1986లోనూ చట్టంలోకి వచ్చింది ఆ పోరాటాల వల్లే. రిజిస్టర్లో ఒక గడిని సరిగా నింపించడం కూడా స్త్రీవాద రాజకీయమేనని మన ముందుతరం మనకు నేర్పింది.

ఇక కాగితం బయటికి వద్దాం. రాతలో లేని వాళ్లందరూ మౌఖికంలో దొరుకుతారని మనకొక నమ్మకం. నాకూ ఉండేది. తెలంగాణలో వంశాలను నోటితో దాచిన కులాలున్నాయి. కాపుల గోత్రాలు, వంశాలు చెప్పే పిచ్చకుంట్లవాళ్లను ఇప్పుడు వంశరాజులు అంటున్నాం. ఇప్పుడు మా జిల్లాలోకే వచ్చిన చేర్యాలలో నకాశీ చిత్రకారులు గీసిన పటాలు పట్టుకుని ఆశ్రిత కులాల కళాకారులు ఊరూరా కులపురాణాలు చెప్పారు. ఈ సంప్రదాయం మీద నాకు గౌరవం ఉంది. కానీ 'వంశం' అన్నాక అది తండ్రి నుంచి కొడుక్కు నడిచే దారే. దారి పొడవునా ఆడవాళ్లు తల్లులుగా నిలబడి ఉంటారు. కూతుళ్లుగా ఊరు దాటగానే కథలోంచి కూడా దాటిపోతారు.

పెత్రమాస కూడా అంతే. భాద్రపద అమావాస్య నాడు పొద్దున గుడి దగ్గర అయ్యగారికి పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. ఆయన పేర్లు అడుగుతాడు, మనం చెప్తాం. అది ఏడాదికోసారి నోటితో తిరగరాసే మరణాల రిజిస్టరు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. మా అమ్మ పెళ్లయినప్పటి నుంచి చెప్పేవి మా నాన్న వైపు పేర్లు. తాతమ్మకు కొడుకు లేడు. ఉన్న ఒక్క కూతురు ఇంకో ఇంటి పెద్దలకు బియ్యం ఇచ్చుకుంటూ బతికింది. తాతమ్మ పేరు ఏ పెత్రమాసకూ ఎవరూ చెప్పలేదు.

మరి ఆమె నా దాకా ఎట్లా వచ్చింది? ఏడుపులో వచ్చింది.

తాతమ్మకు ఒక చెల్లెలుండేది. అమ్మ వాళ్లందరూ చిన్నవ్వ అనేవాళ్లు. చిన్నవ్వ ఎవరి చావుకు పోయినా, శవం దగ్గర కూర్చుని రాగం తీసి, రెండు మాటలు పోయిన వాళ్ల గురించి ఏడ్చి, మూడో మాటకు తన అక్క దగ్గరికి వచ్చేదట. మన ఊళ్లలో ఇది కొత్త కాదు. ఒకరి చావు దగ్గర ఆడవాళ్లు తమ తమ చావులన్నీ ఏడుస్తారు. బయటివాళ్లకు అది ఒకే గోలగా వినపడుతుంది. దగ్గర కూర్చున్న వాళ్లకు ఒక్కో గొంతులో ఒక్కో జీవితచరిత్ర వినపడుతుంది. అమ్మ చిన్నప్పటి నుంచి ఆ ఏడుపును ఎన్ని చావుల దగ్గర విన్నదో లెక్కలేదు. అందుకే ఆమెకు అందులోని వివరాలు వరుసగా తెలుసు. అక్క ఐదో నెల కడుపుతో ఉన్నది. ముందటి కాన్పు ఆడపిల్ల. నీళ్లకు పోయింది. బావి గడ్డ మీద కడవ బోర్లించి ఉన్నది. "నీళ్లకు పోయినదానివి కడవ ఎందుకు బోర్లిచ్చినవే అక్కా" అని చిన్నవ్వ అడిగేదట. ఏళ్ల తరబడి, అందరి చావుల దగ్గరా, అదే ప్రశ్న.

ఊళ్లో మగవాళ్ల దగ్గర ఉన్న మాట 'కాలు జారింది'. కడవ నింపుకుంటూ జారిన మనిషి కడవతో పాటే పడుతుంది. నింపుకునే ముందు జారిన మనిషి కడవను బోర్లించి పెట్టదు. చిన్నవ్వకు చదువు రాదు. పంచనామా అన్న మాట తెలిసి ఉండదు. కానీ ఆమె చేసింది పంచనామానే. పంచాయతీలోనో, ఠాణాలోనో ఆ మాట అంటే కుటుంబాలు కొట్టుకునేవి. ఏడుపులో అంటే ఎవరూ ఏమీ అనలేరు. 'దుఃఖంలో అంటున్నది' అని వదిలేస్తారు. ఆ వదిలేయడాన్నే చిన్నవ్వ వాడుకుంది.

విమర్శకురాలిగా ఇక్కడ నేను జాగ్రత్తగా ఉండాలి. శోకానికీ ప్రక్రియా నియమాలున్నాయి. పోయిన వాళ్లను పొగడాలి, వాళ్లు పడ్డ కష్టాన్ని పెంచి చెప్పాలి, అత్తింటిని నిందించడం అందులో అనుమతి ఉన్న అంశం. అందువల్ల బోర్లించిన కడవను నేను కోర్టు సాక్ష్యంగా తీసుకోవడం లేదు. నాకు ముఖ్యమైనది వేరే. ఇప్పటిదాకా చూసిన రచనలన్నిటిలో పేరునూ చావునూ ఒక్క గొంతులో కలిపి పలికింది ఈ ఒక్క ప్రక్రియే. అది ఆడవాళ్లు కట్టింది, ఆడవాళ్లు విన్నది. దాన్ని మనం జానపద సాహిత్యపు పుస్తకాల్లో చివరి అధ్యాయంలో నాలుగు పంక్తుల్లో సరిపెట్టేశాం. ఇప్పుడు చావు దగ్గర రాగం తీస్తే 'పాత మోటు పద్ధతి' అని పిల్లలు సిగ్గుపడుతున్నారు. ఫ్రీజర్ బాక్సు పక్కన సెల్‌ఫోన్‌లో భక్తిపాట పెడుతున్నాం. చిన్నవ్వ తరం పోయాక ఆ రిజిస్టరు కూడా మూతపడుతుంది.

మన సాహిత్యంలో ఈ పనికి పెద్ద వారసత్వమే ఉంది. స్త్రీలు అబలలు, తెలివి తక్కువ వాళ్లు అన్న మాటకు జవాబుగా 1901లో భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. స్త్రీల జీవితాలను వెతికి పేర్చిన ఆమె 1905లో, ముప్ఫై ఏళ్లు దాటీ దాటక ముందే పోయింది. తెలంగాణలో కవులే లేరన్నందుకు 1934లో గోలకొండ కవుల సంచిక 354 మంది పేర్లు చూపించి జవాబిచ్చింది. అందులో కవయిత్రులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. 1953లో ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ 'ఆంధ్ర కవయిత్రులు' రాసింది. 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చి, తెలంగాణ పోరాటంలోని స్త్రీలను వాళ్ల పేర్లతో, వాళ్ల మాటల్లోనే వినిపించింది. ఈ పుస్తకాలు లేకపోతే నాకు ఈ ప్రశ్నలే వచ్చేవి కావు. అయితే వీటిలోకి వచ్చిన స్త్రీలకు ఏదో ఒక అర్హత ఉంది: పాతివ్రత్యమో, పాండిత్యమో, కవిత్వమో, పోరాటమో. 1986 పుస్తకంలోని వాళ్లకైతే బతికుండి తమ కథ తామే చెప్పుకునే అవకాశం దొరికింది. ఏ అర్హతా లేని, చెప్పుకోవడానికి బతికి లేని స్త్రీని ఏ ప్రక్రియలో రాయాలి? మనం ఇంకా ఆ పుస్తకం రాయలేదు.

నేనైనా రాద్దామని కూర్చున్నాను. రాసే ముందు అమ్మకు చెప్పాను. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి, చాలాసేపు ఆలోచించి అన్న మాట ఇది: "పేరు రాస్తే బాయి ముచ్చట రాయకు. బాయి ముచ్చట రాస్తే పేరు రాయకు. రెండు ఒక్కతాన పెట్టకు బిడ్డా."

నాకు కోపం వచ్చింది. ఫారం 2లోని గీతే మా ఇంట్లో, మా అమ్మ నోట్లో! వాదించాను. అమ్మ నిదానంగా చెప్పింది. ముత్తాత రెండో పెళ్లి పిల్లలు, అమ్మమ్మకు తమ్ముళ్లు, బతికున్నన్నాళ్లూ ఆమెకు ఒడిబియ్యం పోశారు. అమ్మమ్మ భూమి అడగలేదు, తల్లి సంగతి ఎత్తలేదు. చిన్నవ్వ శోకం మొదలుపెడితే లేచి అవతలికి పోయేది. అట్లా తనకొక తల్లిగారిల్లు నిలబెట్టుకుంది. ఆ తమ్ముళ్ల పిల్లలు ఇప్పటికీ మా ఇంట్లో పెళ్లిళ్లకు వస్తారు. "వాళ్లేం జేసిండ్రు పాపం? అమ్మమ్మ బతుకంత పెట్టి కట్టిన ఇల్లది. నువ్వు ఒక్క కాగితంతోటి కూలగొడ్తవా?" అన్నది అమ్మ.

దానికి నా దగ్గర సిద్ధాంతం ఉంది, జవాబు లేదు. మన ఆడవాళ్లు భూమిని వదులుకుని పుట్టింటిని కొనుక్కుంటారని నేను పాఠం చెప్తాను. ఆ కొనుగోలు ఖరీదులో ఒక తల్లి పేరు, ఒక తల్లి చావు కూడా ఉంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

కాబట్టి మీరు గమనించే ఉంటారు, ఈ వ్యాసంలో తాతమ్మ పేరు లేదు, ఊరి పేరూ లేదు. బావి ఉంది, కడవ ఉంది, ఐదో నెల ఉంది. రిజిస్టర్లను తప్పుపట్టిన నేనూ చివరికి ఆ పనే చేశాను. ఒక్క తేడా ఏమైనా ఉంటే, నేను దేన్ని వదిలేశానో, ఎందుకు వదిలేశానో మీకు చెప్తున్నాను. రిజిస్టరు అది చెప్పదు.

ఇది రాయడం మొదలుపెట్టిన ఏడాది పెత్రమాసకు అమ్మ గుడికి పోతూ ఇంకో గిన్నె బియ్యం ఎక్కువ తీసుకుంది. అయ్యగారు పేరు అడిగాడు. అమ్మ చెప్పింది. గోత్రం అడిగాడు. అమ్మ నా వైపు చూసింది. మా ఇద్దరికీ తెలియదు. తెలియని వాళ్లకు కాశ్యప గోత్రం చెప్తారు, అదే చెప్పి కానిచ్చాడు. "ఏమైతరు?" అని అడిగితే అమ్మ "మా అమ్మ వాళ్లమ్మ" అన్నది. డెబ్బై ఏళ్లు దాటాక ఆ పేరు గట్టిగా పలకడం అదే మొదలు. ఎట్లా పోయిందని ఆయన అడగలేదు, అమ్మ చెప్పలేదు.

ఇప్పటికి ఇంతే. పేరు అమ్మ దగ్గర, బావి నా దగ్గర. రెండూ ఒక్క కాగితం మీదికి వచ్చే రోజు ఎప్పుడో నాకు తెలియదు. ఈలోగా మీరు మీ ఇళ్లలో దినాల కార్డు రాయాల్సి వస్తే, 'ధర్మపత్ని' పక్కన ఇంకో ఖాళీ అడగండి. ఎవరి కూతురో రాయండి, తల్లి పేరుతో సహా. చేసిన పని రాయండి. ప్రెస్సువాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.